గుట్ట కాలిపోయింది, చెట్లు చచ్చినట్టేనా? నేల కింద ఏం మిగులుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి

గుట్టకింది చెలక (దేవరకొండ)
మా చెలక వెనక గుట్టకు మార్చిలో అగ్గి అంటుకుంది. ఎవరు పెట్టారు, ఎట్లా అంటుకుంది అన్నది వేరే పంచాయితీ, దాని జోలికి ఇక్కడ పోవద్దు. గడ్డి, రాలిన ఆకు, పొదలు అన్నీ బూడిదయ్యాయి. మోదుగు, తునికి, రేల, మొర్రి, సీతాఫలం చెట్లుండేవి, ఇప్పుడు నల్లటి మోళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. గుట్ట అంచున మా పట్టా భూమిలో ఉన్న చెట్లు, చిన్న టేకు తోట కూడా కాలాయి. ఊళ్ళో కొందరు జేసీబీ పెట్టి మొత్తం పెకిలించు, వానలకు కొత్త మొక్కలు పెట్టుకో అంటున్నారు. కానీ ఒక్క వాన చుక్క కూడా పడకముందే తునికి మోళ్ళ పక్కన నేలలోంచి చిగుళ్ళు వస్తున్నాయి. మోదుగు దగ్గర కూడా అక్కడక్కడా కనిపించాయి. అంత మంటలో ఏం బతికి ఉంది? ఏ చెట్టు లేస్తుందో ఏది లేవదో ముందే తెలుసుకునే దారి ఉందా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి, నాకు తొందరలేదు, కానీ జేసీబీ వాళ్ళకు తొందరగా ఉంది.

వేరు పాఠం (అచ్చంపేట)
నేను డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ముందు జేసీబీ మాట పక్కన పెట్టండి. ఇప్పుడు పెకిలిస్తే బతికున్న భాగాన్నే పెకిలించినట్టు అవుతుంది.

మంట వేడిలో ఎక్కువ భాగం పైకి పోతుంది, నేలలోకి దిగేది చాలా తక్కువ. మట్టి రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి వేడి లోపలికి చాలా మెల్లగా జారుతుంది. మా వైపు గడ్డి, ఆకురాలు మంట ఒక చోట నిలిచేది కొద్దిసేపే, కాలేది అయిపోగానే ముందుకు పోతుంది. పైన మంట ఆరేడు వందల డిగ్రీలు ఉన్నా అయిదు సెంటీమీటర్ల లోతున చాలాసార్లు కొద్ది డిగ్రీలే పెరుగుతుంది. మొక్క కణం చావాలంటే సుమారు 60 డిగ్రీల వేడి ఒక నిమిషమన్నా తగలాలి. అంటే బెత్తెడు లోతున ఉన్న వేరుకు పైన ఏం జరిగిందో పెద్దగా తగలనే తగలదు.

అయితే వేరు బతికితే సరిపోదు, మళ్ళీ లేవడానికి దానికి రెండు కావాలి. ఒకటి మొగ్గ, రెండోది తిండి. కాండం, వేరు కలిసే చోట, నేల మట్టానికి కొంచెం కింద, చాలా చెట్లకు నిద్రపోయే మొగ్గలు ఉంటాయి. పైన కొమ్మ కొస బతికి ఉన్నంతకాలం అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ ఈ మొగ్గలను లేవనివ్వదు. కొస కాలిపోగానే ఆ అదుపు పోతుంది, మొగ్గలు లేస్తాయి. వాటికి ఆకులు లేవు కదా, ఎండలో తిండి తయారు చేసుకోలేవు, అందుకే వేరులో దాచిన పిండి పదార్థం చక్కెరగా మారి పైకి వెళుతుంది. తునికి, మోదుగు ఇంకో అడుగు ముందుకు వేస్తాయి. మొదలుకు దూరంగా పారిన పక్కవేర్ల మీదే కొత్త మొగ్గలు పుట్టించి పిలకలు లేపుతాయి. మీకు మోదుగు దగ్గర అక్కడక్కడా కనిపించినవి అవే అయ్యుంటాయి, విత్తనం మొలకలు కావు.

వాన పడకముందే చిగురు ఎట్లా వచ్చింది అంటారేమో. ఈ చెట్ల వేర్లు లోతుకు పోతాయి, పై మట్టి ఎండినా కింద తేమ దొరుకుతుంది. పైగా ఆకులు కాలిపోయాయి కాబట్టి నీళ్ళు ఆవిరయ్యే దారి కూడా తగ్గింది.

తునికాకు కట్ట (లింగాల)
సార్ చెప్పింది మా ఇంట్లో పుస్తకం లేకుండానే తెలుసు. మా అమ్మ, అత్తమ్మ, నేను, అందరం ఆకు కోసినవాళ్ళమే. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలను నేల మట్టానికి కొడతారు, నెలన్నర తర్వాత కోతకు వచ్చే ఆకు లేతగా, వెడల్పుగా, బీడీ చుట్టడానికి బాగుంటుంది. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కొట్టకుండా వదిలేసిన పొద ఆకు మందంగా, పురుగు పట్టి ఉంటుంది, కల్లంలో తీసేస్తారు.

పాతకాలంలో కొట్టే శ్రమ ఎందుకని అగ్గి పెట్టేవాళ్ళు, ఇప్పటికీ కొన్ని చోట్ల పెడతారు. కొట్టినా, కాల్చినా వేరు చేసేది ఒకటే పని. కానీ ఒక తేడా నేను కళ్ళారా చూశాను, కొట్టిన చోట కర్ర లావుగా వస్తుంది, ఏటేటా కాలే చోట పుల్లలు సన్నగా, ఎక్కువగా వస్తాయి, ఆకు చిన్నది. కాలిస్తే ఇప్పపువ్వు చెట్ల కింద పుట్టిన మొలకలు కూడా పోతాయి. ఆకు కోసం అగ్గి పెట్టొద్దని మా ఊళ్ళో ఆడవాళ్ళమే గట్టిగా అంటున్నాం, ఎందుకంటే అడవి పోతే ముందు నష్టపోయేది మేమే.

చిన్నగుట్ట (మునుగోడు)
ఒక డౌటు. మా దగ్గర కాలిన చోట అంతా పచ్చబడింది కానీ అక్కడక్కడా పెద్ద పళ్ళెం అంత, ఒక చోట మంచమంత జాగాలో గడ్డి పోచ కూడా లేవలేదు. మట్టి ఇటుక రంగుకు వచ్చింది. వేరు లోతున బతుకుతుంది అన్నారు కదా, మరి అక్కడ ఏమైంది?

వేరు పాఠం (అచ్చంపేట)
అక్కడ ఎండిన మొద్దో, దుంగో పడి ఉండుంటుంది. గడ్డి మంట ఉరుకుతూ పోతుంది, దుంగ అట్లా కాదు, రాత్రంతా నిప్పుగా రగులుతూ ఉంటుంది. అన్ని గంటలు ఒకే చోట వేడి తగిలితే మట్టిలో ఉన్న తేమ ముందు ఆవిరవుతుంది, తేమ ఉన్నంతసేపు మట్టి వంద డిగ్రీలు దాటదు, తేమ అయిపోయాక మాత్రం వేడి లోతుకు దిగుతుంది. వేర్లు, గడ్డలు, విత్తనాలు, మట్టిలో సూక్ష్మజీవులు అన్నీ పోతాయి. మట్టిలోని ఇనుము కాలి ఎరుపెక్కుతుంది. అందుకే మంట ఎంత ఎత్తు లేచింది అని కాదు, ఒక చోట ఎంతసేపు నిలిచింది అని అడగాలి. ఎత్తుగా లేచి ఉరికిన మంట కంటే నేలను అంటుకుని రగిలిన నిప్పే వేరుకు ప్రమాదం.

తాటివనం (భువనగిరి దారి)
మంచి చర్చ. మా కులవృత్తి తాటిచెట్లతోనే కాబట్టి దాని సంగతి చెప్తాను. నల్లగొండ జిల్లాలో గట్ల మీద తాటిచెట్టు కింద ఎన్నిసార్లు గడ్డి కాలుతుందో అందరికీ తెలుసు. పెద్ద చెట్టుకు ఏం కాదు, ఎందుకంటే దాని మొవ్వు, అంటే కొత్త ఆకు పుట్టే మొగ్గ, పైన ఆకాశంలో ఉంటుంది. బొగ్గుపట్టిన మానులో కూడా లోపల నీరు మోసే నాళాలు మధ్యదాకా చెదురుగా ఉంటాయి, పైపెచ్చు కాలినంత మాత్రాన ఆగదు. మరి చిన్న తాటి మొక్క సంగతేంటి, దాని మొవ్వు నేల మట్టంలో ఉంటే మొదటి మంటకే పోవాలి కదా?

గేగులు (తేగలు) తిన్నవాళ్ళంతా దీని జవాబు చేత్తో పట్టుకున్నవాళ్ళే. టెంక నేల మీద పడి ఉంటుంది, కానీ మొలక పైకి రాదు. టెంకలోంచి ఒక గొట్టం లాంటిది వచ్చి నేరుగా నేలలోకి దిగుతుంది, దాని కొసలోనే పిల్ల మొక్క ఉంటుంది. అడుగు, అంతకంటే లోతుకు పోయాక అక్కడ గేగు ఊరుతుంది, పిండి పట్టి. పైన టెంకలో బుర్రగుంజు కరిగి కిందికి తిండి పంపుతుంది. ఆ తర్వాతే ఆకు పైకి వస్తుంది, అది కూడా మొదట్లో ఒకటో రెండో. ఆ ఆకు కాలినా, మేక తిన్నా, మొవ్వు కింద భద్రం. మళ్ళీ ఆకు తోస్తుంది. ఏళ్ళకేళ్ళు నేలలోనే మొదలు లావెక్కి, ఆ తర్వాతే మాను పైకి లేస్తుంది. గేగుల కోసం మనం మట్టి కుప్ప వేసి టెంకలు పాతేది ఎందుకు అనుకుంటున్నారు, అది కిందికి దిగడానికి మెత్తటి మట్టి కావాలనే.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. తాటికి మొవ్వు ఒక్కటే. మొదలు దగ్గర నిద్ర మొగ్గలు లేవు. పెద్ద చెట్టు ఎండు మట్టలకు అగ్గి అంటుకుని మొవ్వు కాలితే ఇక అంతే, వేరు ఎంత బలంగా ఉన్నా లేవదు. గట్ల మీద చెత్త కాల్చేవాళ్ళు మట్టలకు అందకుండా చూడండి, ఒక చెట్టు గీతకు రావడానికి పదిహేను ఏళ్ళు పైనే పడుతుంది.

వరిమడి (మిర్యాలగూడ)
గేగు సంగతి ఇట్లా ఎప్పుడూ ఆలోచించలేదు, థ్యాంక్స్ అన్నా.
నాకు ఈ నేల కింద భాగాల మీద కోపమే ఎక్కువ. తుంగ! గట్టు కాల్చాను, దున్నాను, మందు కొట్టాను, మళ్ళీ వచ్చింది. గరిక కూడా అంతే. దీనికి ఏం చెప్తారు సార్?

వేరు పాఠం (అచ్చంపేట)
అదే సూత్రం, మీకు నచ్చని వైపు నుంచి. తుంగకు నేలలో గొలుసుగా గడ్డలు ఉంటాయి, ఒక్కో గడ్డ మీద చాలా మొగ్గలు. పైన కాల్చితే ముందు గడ్డ లేస్తుంది, అది పోతే పక్కది. దున్నితే గొలుసు తెగి ప్రతి ముక్కా విడిగా లేస్తుంది. గరికకు నేల మీద పాకే తీగతో పాటు నేల లోపల పాకే కాండం కూడా ఉంది. కాల్చడం వల్ల పక్కనున్న పోటీ మొక్కలు పోయి వీటికే లాభం, గట్టులో ఉన్న సేంద్రియ పదార్థం పోయి మీకు నష్టం. తుంగను తగ్గించాలంటే నీడ కావాలి, అది ఎండ లేనిచోట బలహీనమవుతుంది. దట్టంగా కమ్మే పంట, లేదా వేసవిలో లోతు దుక్కి చేసి గడ్డలను ఎండకు పడేయడం. గడ్డకు మంట తగలదు కానీ పైకి తెచ్చి ఎండలో ఆరబెడితే చస్తుంది.

పెంట బాట (మన్ననూరు)
నేను చెంచు పెంటల్లో, అంటే అడవిలోని వాళ్ళ చిన్న ఊళ్ళలో, పని చేస్తాను, పిల్లల చదువుల కోసం. ఇక్కడ నేల కింది గడ్డ అంటే ముందు తిండి. చెంచుగడ్డ, నూలగడ్డ, ఇంకా రకరకాల అడవి దుంపలు తవ్వుకుంటారు. ఇవన్నీ తీగ జాతి, వానలకు తీగ పాకుతుంది, చలికాలం అయిపోయేసరికి తీగ ఎండి రాలిపోతుంది. మంటలు వచ్చేది ఫిబ్రవరి నుంచి మే దాకా. అంటే మంట వచ్చే వేళకు పైన కాలడానికి ఎండు తీగ తప్ప ఏమీ ఉండదు, మొక్క మొత్తం కింద నిద్రలో ఉంటుంది. అడవినాభి (ఇది విషం, తినేది కాదు), పిల్లిపీచర, అడవికంద, ఇవి కూడా ఎండాకాలంలో ఇట్లాగే కింద నిద్రలో ఉంటాయి. ఎండిపోయిన తీగ ఎక్కడుందో గుర్తుపట్టి దాని కింద తవ్వడం ఒక విద్య, నాకు ఇంకా పూర్తిగా రాలేదు, ఇక్కడి పెద్దమ్మలు నడుస్తూ నడుస్తూనే ఆగి చూపిస్తారు.

తవ్వేటప్పుడు దుంప తల భాగాన్ని, తీగ అంటుకున్న చోటును వదిలి మళ్ళీ మట్టి కప్పడం చూశాను. మొగ్గ ఉండేది అక్కడే కదా. బయటి నుంచి వచ్చి నన్నారి షర్బత్ సరుకు కోసం మారేడు గడ్డలు, సుగంధిపాల వేర్లు మొత్తం పెకిలించుకుపోయేవాళ్ళు మాత్రం ఏమీ మిగల్చరు. మంటను తట్టుకున్న గడ్డ గునపానికి తట్టుకోదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ పులి గురించే మాట్లాడతారు, ఈ గడ్డల గురించి కూడా మాట్లాడాలని నా బలమైన కోరిక.

దూరదేశం (పెర్త్, సొంతూరు కోదాడ)
ఆస్ట్రేలియాలో ఉంటాను, ఇక్కడ కార్చిచ్చు అంటే ఏటా ఉండే టెన్షన్. మనం జామాయిల్ అనే యూకలిప్టస్ పుట్టిల్లు ఇదే. ఈ జాతుల్లో చాలావాటికి మొదలు దగ్గర, సగం నేలలో, పెద్ద చెక్క గడ్డ ఊరుతుంది, లిగ్నోట్యూబర్ అంటారు. మొలక చిన్నగా ఉన్నప్పుడే అది మొదలవుతుంది. దాని నిండా మొగ్గలు, పిండి పదార్థం. పైన అంతా కాలినా ఆ గడ్డ నుంచి చుట్టూ కర్రలు లేస్తాయి. మాలీ అనే పొట్టి యూకలిప్టస్ అడవుల్లో అయితే ఒకే గడ్డ నుంచి గుంపుగా వచ్చిన కర్రలే అడవి. ఇంకొన్నిటికి మాను బెరడు లోపల లోతుగా మొగ్గలు ఉంటాయి, 2019, 2020 పెద్ద మంటల తర్వాత నల్లటి మానులకు కింది నుంచి పైదాకా ఆకులు మొలిచిన ఫోటోలు మీరు చూసే ఉంటారు.

కానీ అన్ని యూకలిప్టస్‌లూ అట్లా కావు. విక్టోరియాలో మౌంటెన్ యాష్ అనే జాతి ఉంది, ప్రపంచంలో అత్యంత ఎత్తు పెరిగే పూల చెట్లలో ఒకటి. దానికి ఈ గడ్డ లేదు. పెద్ద మంట వస్తే చెట్టు చస్తుంది, పైన కాయల్లో దాచిన విత్తనం బూడిద మీద రాలి ఒకేసారి మొలుస్తుంది. 2009 ఫిబ్రవరి 7 మంటల్లో అట్లాంటి అడవులు చాలా పోయాయి. ఆ పిల్ల చెట్లు కాయ కాయడానికి పదిహేను ఇరవై ఏళ్ళు కావాలి, అంతలోపే ఇంకో మంట వస్తే విత్తనమూ లేదు, గడ్డా లేదు. ఇక్కడ వాళ్ళ భయం అంతా దాని గురించే.

వేరు పాఠం (అచ్చంపేట)
దూరదేశం గారి మాటకు కలిపి ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైనది. ఆఫ్రికా సవన్నాల్లో, అంటే చెట్లు పలుచగా ఉండే గడ్డి నేలల్లో, కొన్ని మొక్కలు ఉన్నాయి, పైన చూస్తే మోకాలి ఎత్తు కూడా ఉండవు, గడ్డిలో కలిసిపోతాయి. తవ్వితే కింద చెట్టంత చెక్క, మీటర్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. వాటి దగ్గరి చుట్టాలు పక్క వాన అడవిలో పెద్ద వృక్షాలు! ఫ్రాంక్ వైట్ అనే వృక్షశాస్త్రవేత్త 1976లో వీటినే భూగర్భ అడవులు అన్నాడు. బ్రెజిల్‌లో సెరాడో అనే ప్రాంతంలోనూ ఇట్లాంటివే. 2009లో సెరాడో మొక్కల వంశాలను డీఎన్ఏతో పరిశీలిస్తే చాలావరకు గత కోటి సంవత్సరాల లోపలే, అందులోనూ ఎక్కువ 40 లక్షల ఏళ్ళ లోపలే, పుట్టాయని తేలింది. వేగంగా కాలే గడ్డి జాతులు నేలంతా ఆక్రమించిన కాలం కూడా అదే. గడ్డి కాలడం ఎక్కువయ్యేకొద్దీ చెట్టు కిందికి దిగింది.

ఇది విదేశీ ముచ్చట మాత్రమే కాదు. పుణె అగార్కర్ పరిశోధన సంస్థ వాళ్ళు తళేగావ్ దాభాడే దగ్గర గడ్డి వాలుల్లో డిక్లిప్టెరా పాలిమార్ఫా అనే కొత్త మొక్కను గుర్తించారు, 2024లో ఆ వార్త వచ్చింది. అది ఏటా రెండుసార్లు పూస్తుంది. వానల తర్వాత ఒకసారి, ఎండాకాలంలో గడ్డి కాలాక చెక్కబారిన వేరు మొదలు నుంచి పొట్టి రెమ్మలు వేసి మళ్ళీ ఒకసారి. మన గుట్టల మీద మోకాలి లోపు ఉండే చిట్టీతను చూడండి, ఎంత కాలినా దాని మొవ్వు నుంచి మళ్ళీ ఆకు వస్తుంది. పిల్లలను గుట్ట ఎక్కించి ఇవన్నీ చూపించాలి, లేకపోతే వాళ్ళకు వృక్షశాస్త్రం అంటే బోర్డు మీద బొమ్మే.

రాచకొండ గాలి (చౌటుప్పల్)
అంటే మంట మంచిదే అన్నమాట. చెట్లు ముందే సిద్ధపడి ఉన్నాయి, కాలిస్తే కొత్త గడ్డి వస్తుంది, గొర్లకు మేత వస్తుంది. మరి అటవీ శాఖ వాళ్ళు ఊరికే కేసులు అంటారు ఎందుకు?

ఫైర్‌లైన్ (రిటైర్డ్, నాగర్‌కర్నూల్)
తమ్మీ, నేను అటవీ శాఖలో బీట్ డ్యూటీ చేసినవాణ్ణి, మంటలు ఆర్పి చేతులు కాల్చుకున్నవాణ్ణి. తట్టుకోవడం వేరు, మంచి చేయడం వేరు. వేరులో ఉన్న తిండి గాదెలో ధాన్యం వంటిది. ఒకసారి తీసి వాడుకుంటే వానాకాలంలో ఆకులు పని చేసి మళ్ళీ నింపుతాయి. ఏటా తీస్తూ పోతే నింపే టైం ఉండదు. అప్పుడు ప్రతి ఏడూ చిగురు సన్నబడుతుంది, లింగాల చెల్లి చెప్పిన సన్న పుల్లలు అవే, చివరికి ఒక ఏడు లేవదు. చచ్చిన చెట్టు అయితే లెక్కలోకి వస్తుంది, ఇట్లా మెల్లగా చచ్చేది ఏ లెక్కలోకీ రాదు.

ఇంకోటి. టేకు మొలకనే తీసుకో. అడవిలో దాని పై భాగం ఎండకో మంటకో పోతుంది, వేరు మిగిలి లావెక్కుతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ పోతుంది. కొన్నేళ్ళకు వేరు బాగా బలిసి ఒక్క ఏట్లో మంట అందనంత ఎత్తు లేస్తే అది చెట్టవుతుంది. కానీ ఆ ఎత్తుకు పోవడానికి మంట లేని రెండు మూడేళ్ళు దానికి ఇవ్వాలి కదా. ఏటా కాలే గుట్ట మీద వేర్లకు ముసలితనం వస్తుంది, పైన మాత్రం మోకాలెత్తు మొక్కలే. బయటివాళ్ళు చూసి అడవి పచ్చగానే ఉంది అనుకుంటారు. పెద్ద చెట్టు పడిపోతే దాని జాగాలోకి వచ్చే చెట్టు ఎక్కడుంది?

పక్షి గుడ్లు, నేల మీది తాబేళ్ళు, పాములు, ఉడుములు, వీటికి వేర్లు లేవు. మొదటి వానకు బూడిదతో పాటు పై మట్టి కొట్టుకుపోయి చెరువులో పడుతుంది. వెదురు సంగతి వేరే చెప్పాలి, మామూలు ఏడు కాలితే నేలలోని దుంప నుంచి మళ్ళీ వస్తుంది, కానీ పూత పూసిన ఏడు వెదురు పొద దుంపతో సహా చస్తుంది. ఆ తర్వాత విత్తనం మొలకల మీదే ఆధారం. ఆ రెండేళ్ళు మంట వస్తే ఆ చోట వెదురే ఉండదు.

రాచకొండ గాలి (చౌటుప్పల్)
సరే అన్నా, ఏటా వద్దు. కానీ అసలు వద్దే వద్దు అనడం కూడా సరికాదు అని నా వాదన. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగ జనం తరగు బెంకి అని ఎండాకాలం మొదట్లోనే, ఆకు కొద్దిగా ఉన్నప్పుడే చిన్న మంట పెట్టేవాళ్ళు. దాన్ని ఆపేశాక లంటానా అనే కలుపు పొద అడవంతా కమ్మిందని, చెట్ల మీద బతికే బదనిక మొక్క ఎక్కువయ్యిందని వాళ్ళు చెబుతున్నారు. పరిశోధకులు కూడా ఆ మాటను పట్టించుకుని రాశారు. ఆకు చాలా ఏళ్ళు పేరుకుపోయి ఒక్కసారి అంటుకుంటే ఆ మంట ఇంకా పెద్దది.

ఫైర్‌లైన్ (రిటైర్డ్, నాగర్‌కర్నూల్)
అది నేనూ కాదనను. ఎప్పుడు, ఎంత, ఎవరు, అన్నదే అసలు విషయం. జనవరిలో మంచు తడి ఉన్నప్పుడు పక్కన మనుషులు నిలబడి పెట్టే చిన్న మంట వేరు, ఏప్రిల్ మధ్యాహ్నం వడగాలిలో బీడీ ముక్క పడేసి పోతే లేచే మంట వేరు. మేము ఫైర్‌లైన్లు, అంటే మంట దాటకుండా ముందే ఖాళీ చేసే పట్టీలు, కాల్చేది కూడా ఆ మొదటి పద్ధతిలోనే. కానీ అది సొంతంగా ఎవరికి వారు చేసే పని కాదు, రిజర్వ్ అడవిలో నేరం కూడా. ఇప్పుడు ఉపగ్రహం నుంచి అలర్ట్ ఫోన్‌కే వస్తుంది, అయినా మనిషి కాలినడకన గుట్ట ఎక్కే లోపల ఎంత కాలాలో అంత కాలుతుంది.

వరిమడి (మిర్యాలగూడ)
లంటానా అన్నారు కాబట్టి అడుగుతున్నా. సర్కారు తుమ్మ, లంటానా, ఇవి కాలిస్తే పోతాయా?

వేరు పాఠం (అచ్చంపేట)
పోవు, ఇంకా గుబురుగా వస్తాయి. సర్కారు తుమ్మకు మొగ్గలు ఉండేది నేల మట్టానికి కింద, వేరు మొదలులో. పైన నరికితే ఒక కర్ర జాగాలో పది వస్తాయి. మొగ్గలున్న ఆ మొదలును అడుగు లోతు దాకా తవ్వి, దాని కింద వేరును నరికి పైకి తీస్తే మళ్ళీ లేవదు, కింద మిగిలిన ఉత్త వేరుకు మొగ్గ లేదు కాబట్టి. లంటానాకు కూడా ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం చెప్పిన పద్ధతి ఇదే ఆలోచన మీద నడుస్తుంది. మొగ్గలు పుట్టే చోటుకు కొంచెం కింద ప్రధాన వేరును కోసి, పొదను తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి, మట్టి ఎక్కువగా కదిలించకూడదు. ఏ మొక్కకు మొగ్గ ఎక్కడుందో తెలిస్తే దాన్ని కాపాడటమూ వస్తుంది, తీసేయడమూ వస్తుంది.

గుట్టకింది చెలక (దేవరకొండ)
అందరికీ దండాలు, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. జేసీబీ వద్దని చెప్పేశాను. ఇప్పుడు నాకు అసలు పని చెప్పండి. బతికింది చచ్చింది ఎట్లా గుర్తుపట్టాలి, టేకు తోటలో ఏం చేయాలి? టేకు కర్రలు నిలబడే ఉన్నాయి, కానీ బెరడు పగిలి నల్లబడ్డాయి.

వేరు పాఠం (అచ్చంపేట)
మొదలు దగ్గర మట్టి నాలుగు వేళ్ళ లోతు మెల్లగా పక్కకు తీసి, బెరడును గోరుతోనో చాకు మొనతోనో కొద్దిగా గీకండి. లోపల తడిగా, పచ్చగా లేదా తెల్లగా ఉంటే బతికి ఉంది. గోధుమ రంగులో పొడిగా, పులిసిన వాసన వస్తే ఆ వైపు పోయింది, కానీ ఇంకో వైపు కూడా గీకి చూడండి, గాలి వాటం వైపు ఒక పక్కే కాలడం మామూలే. వెంటనే మట్టి కప్పేయండి. ఇంకా చూడాలనిపిస్తే పెన్సిలంత వేరు ముక్క కోసి అయోడిన్ చుక్క వేయండి, మెడికల్ షాపులో దొరికే టింక్చర్ సరిపోతుంది. నల్లగా, ముదురు నీలంగా మారితే పిండి పదార్థం ఉన్నట్టు. రంగు మారకపోతే తిండి అయిపోయినట్టు.

సీతాఫలం చాలావరకు లేస్తుంది, తొందరపడకండి. పాలమూరు గుట్టల మీద, బాలానగర్ వైపు ఎన్ని కాలిన పొదలు మళ్ళీ కాపుకు వచ్చాయో. మొదటి రెండు మంచి వానలు పడేదాకా దేన్నీ చచ్చిందని లెక్క వేయకండి.

ఫైర్‌లైన్ (రిటైర్డ్, నాగర్‌కర్నూల్)
టేకు సంగతి నేను చెప్తా. హరితహారంలో రైతులకు పంచిన టేకు స్టంపులు చూశారు కదా, జానెడు వేరు, పైన రెండు మూడు వేళ్ళ కాండం, ఆకు లేదు, కొమ్మ లేదు, చూస్తే ఎండు కట్టె. దాన్నే పాతితే చెట్టు వస్తుంది. మీ తోటలో అంతకంటే లావు వేర్లు నాటుకుని ఉన్నాయి, ఇంకేం కావాలి. చిన్న టేకు అయితే, అంటే మణికట్టంత లావు లోపల, బెరడు చుట్టూ పగిలి ఉంటే ఆ కర్రను ఉంచొద్దు. పైన వంకరగా కొమ్మలు వేసి, లోపల పుచ్చిపోయిన మాను అవుతుంది, పనికిరాదు. జూన్‌లో వానలు మొదలయ్యే ముందు పదునైన గొడ్డలితో నేల మట్టానికి నున్నగా కొట్టేయండి, మొద్దు చీలకూడదు. కొంచెం ఏటవాలుగా కొడితే నీళ్ళు నిలవవు.

చిగుళ్ళు గుంపుగా వస్తాయి. వెంటనే తీయొద్దు, గాలికి విరిగేవి విరుగుతాయి. మోకాలెత్తు అయ్యాక అన్నిటికంటే నిటారుగా ఉన్నదాన్ని, వీలైనంత నేల దగ్గర నుంచి పుట్టినదాన్ని ఒక్కటి ఉంచి మిగతావి తీసేయండి. మొద్దు పైఅంచున పుట్టినది బలంగా కనిపించినా తర్వాత ఊడిపోతుంది. మొదటి ఏడు మేకలు, గొర్లు లోపలికి రాకుండా కంచె కట్టాలి, ఇది మాత్రం తప్పదు. వేరు ఒకసారి తన తిండి పెట్టి చిగురు తెచ్చింది, ఆ చిగురును మేక తింటే మళ్ళీ పెట్టాలి.

తునికాకు కట్ట (లింగాల)
కంచెకు డబ్బులు పెట్టలేకపోతే కాలిన పొదల్లో ముళ్ళున్నవి, సండ్ర, రేగు కొమ్మలు కొట్టి గుట్టవైపు అంచున వేయండి అన్నా. మా దగ్గర అట్లాగే చేస్తాం, ఒక వానాకాలం ఆగుతుంది. డిసెంబర్‌లో మాత్రం ఆ కంప తీసేయండి, ఎండితే అదే మంటకు పుల్ల. అదే అంచు వెంట రెండు బారల వెడల్పున గడ్డి చెక్కి నేల కనపడేటట్టు చేసుకోండి, సంక్రాంతి లోపల.

గుట్టకింది చెలక (దేవరకొండ)
సరే అక్కా. రేపు పొద్దున్నే టేకులో ఒక సాలు గీకి చూస్తాను, అయోడిన్ కూడా తెస్తాను. ఏ చెట్టుకు ఏ రంగు వచ్చిందో ఇక్కడే రాస్తాను, సార్ చూసి చెప్పాలి.